పిడి అడుగున ఏమీ లేదు

పేరు చెక్కని వస్తువు ఎవరిదో చెప్పగలిగేది ఏమిటి? ఈ ప్రశ్న నాకు నేను చాలాసార్లు వేసుకున్నాను. మనిషైతే నోరు విప్పి తన సంగతి చెప్పుకుంటాడు. ఉక్కుముక్క చెప్పుకోలేదు. దాని తరఫున ఎవరో ఒకరు మాట్లాడాలి. ఆ మాట్లాడేవాడు అబద్ధమాడితే ఎదురు చెప్పే దారి దానికి లేదనే నేను నమ్మేవాణ్ణి. అమెరికాలోని మా చిన్న ఊరు కోల్డ్‌బ్రూక్ ఫాల్స్‌లో 1984 అక్టోబరులో జరిగిన సంగతి తెలిశాక ఆ నమ్మకాన్ని వదులుకున్నాను.

గురువారం ఉదయం తొమ్మిదింటికి హలీనా రుజిక్ కాలువ వీధిలో రొట్టెల దుకాణం పైనున్న డిటెక్టివ్ ఆఫీసు మెట్లెక్కింది. నలభై ఎనిమిదేళ్ళ మనిషి. పాత తుపాకులు బాగుచేసి, కొత్తవి కూర్చి ఇచ్చే పని ఆమెది. చంకలో ఒక బిస్కెట్ల రేకుడబ్బా ఉంది. డబ్బాను బల్లమీద పెట్టింది గాని, మూతమీద నుంచి చేయి తీయలేదు.

"ఇందులో ఉన్నది నన్ను జైలుకు పంపుతుంది," అంది.

"అయితే మూత తియ్యి. జైలు ఎలా ఉంటుందో చూద్దాం," అంది హెస్టర్ థేయర్.

హెస్టర్ ఇరవై రెండేళ్ళు బేరింగుల ఫ్యాక్టరీలో కొలతల తనిఖీ చేసి, ఆ తర్వాత డిటెక్టివ్ లైసెన్సు తీసుకుంది. మనుషులను కూడా ఆమె కొలమానం పెట్టినట్టే చూసేది; తప్పు దొరికినందుకు సంతోషించేది కాదు, దొరికేదాకా వదిలేదీ కాదు. కిటికీ దగ్గర నోటుపుస్తకంతో కూర్చున్న లూథర్ పీబడీ, కోర్టులో ముప్ఫై ఏళ్ళు సాక్ష్యాలు షార్ట్‌హ్యాండులో రాసి రిటైరైన గుమాస్తా. ఆ ముప్ఫై ఏళ్ళలో విన్న అబద్ధాలన్నిటికీ ప్రాయశ్చిత్తంగా హెస్టర్ దగ్గర చేరానని ఆయన అంటుండేవాడు.

డబ్బాలో నూనెగుడ్డలో చుట్టిన రివాల్వర్ ఫ్రేము ఉంది, మిగతా భాగాలన్నీ బిగించే ఉక్కుచట్రం. బ్యారెల్ లేదు, తూటాలు నింపే సిలిండర్ లేదు, పిడికి చెక్కలు లేవు. రంగు పట్టించని ఒట్టి బూడిదరంగు ఉక్కు. దాని పక్కన 614 అని చెక్కిన ఒక ఇత్తడి బిళ్ళ.

"నాన్న పోయిన చలికాలంలో చనిపోయారు. ఆయన పనిముట్ల పెట్టె అడుగున దొరికాయి ఇవి. బిళ్ళ టిల్లింగ్‌వర్త్ తుపాకుల కంపెనీది. పొద్దున లోపలికెళ్ళేటప్పుడు గేటు దగ్గర చూపించేవాళ్ళు. ఫ్రేము సంగతే నాకు తెలీదు. పేరు లేదు, నంబరు లేదు. దీన్నే పూర్తి రివాల్వర్‌గా కూర్చి, రుజిక్ అన్న పేరుతో బయటపెట్టాలని నా కోరిక. ఏ కంపెనీదో, ఏ కాలందో తెలీకుండా బ్యారెల్ బిగించలేను కదండీ."

"మీ నాన్న బోలెస్లావ్ రుజిక్. నలభై తొమ్మిదిలో జరిగిన సమ్మెలో ముందు నిలబడ్డ మనిషి."

"అవును. సమ్మె చేశాడని తీసెయ్యలేక, దొంగ అని తీసేశారు. అన్నం డబ్బాలో సామాన్లు దాచి పట్టుకుపోయాడన్నారు. కేసు పెట్టలేదు, రుజువు చూపలేదు. ఆ మాట మాత్రం ఊళ్ళో వదిలారు. మిగతా బతుకంతా ఆయన రంపాలకు పదును పెట్టుకుంటూ బతికాడు."

మిగిలిన సంగతి ఆమె గబగబా చెప్పింది. ఊళ్ళో పాత తుపాకుల సంఘం ఒకటుంది. ఆనవాలు తెలియని వస్తువు వస్తే దాన్ని సంఘం గదిలో ఒక సొరుగులో పెడతారు. తుపాకుల సంగతి తెలిసినవాళ్ళు ముగ్గురు మూడు రోజుల్లో విడివిడిగా వచ్చి చూసి, ఒకరి మాట ఒకరికి తెలియకుండా అభిప్రాయం రాసి కవర్లో పెడతారు. హలీనా ఆదివారం ఫ్రేమును అక్కడ ఉంచింది. పాత సామాన్లమ్మే వర్న్ స్ప్రేగ్ సోమవారం, ఒకప్పుడు కంపెనీలో సూపర్‌వైజరుగా పనిచేసిన రే డ్యూకెట్ మంగళవారం, పళ్ళ డాక్టరు ప్రెస్కాట్ లాథ్రప్ బుధవారం చూశారు. నిన్న సాయంత్రం ఆమె వెళ్ళి తెచ్చుకుంది.

"తెచ్చుకుని చూస్తే ఇదీ," అని హలీనా వేలితో చూపించింది. సిలిండర్‌ను మోసే చేయి వచ్చి కూర్చునే గాడిలో, గోరంత మేర ఉక్కు తళతళ మెరుస్తోంది. ఎవరో కొత్తగా సానపట్టే గ్రైండర్ పెట్టారు. "ఆదివారం ఇది లేదు. నా మాట ఎవరు నమ్ముతారు? నంబరు చెరిపేసిన ఫ్రేము దగ్గరుంటే చాలు, ప్రభుత్వం దృష్టిలో నేరం. రేపు పదింటికి నా లైసెన్సు తనిఖీకి ఇన్‌స్పెక్టరు వస్తోంది. లైసెన్సు పోతుంది. దొంగ కూతురు దొంగే అంటారు."

హలీనా తెచ్చిన మూడు చీటీలూ హెస్టర్ చదివింది. స్ప్రేగ్ రాసింది: స్పెయిన్‌లో చేసిన నకలు, చెప్పుకోదగ్గ విలువ లేదు, ఇరవై డాలర్లకు నేనే తీసుకుంటాను. డ్యూకెట్ రాసింది: టిల్లింగ్‌వర్త్ ఫ్రేమే, నంబరు చెరిపేశారు, వాడవద్దు. లాథ్రప్ రాసింది: టిల్లింగ్‌వర్త్, అయిదు స్క్రూలు కాబట్టి రెండో ప్రపంచయుద్ధానికి ముందుది, గాడిలో చెరిపిన గుర్తు ఉంది, ఈ వస్తువుతో సంఘానికి సంబంధం ఉండకూడదు.

"నిన్న రాత్రి రే మా ఇంటికొచ్చాడు," అంది హలీనా. "మంచిగానే మాట్లాడాడు. 'చెల్లెమ్మా, మీ నాన్న ఏం చేశాడో అందరికీ తెలుసు. నీకెందుకు ఈ పాపం? వంతెన మీద నుంచి నదిలోకి విసిరెయ్. నువ్వు చూపలేదు, నేను చూడలేదు' అన్నాడు."

"నువ్వేమన్నావ్?"

"ఆలోచిస్తానన్నాను."

"మధ్యాహ్నం దాకా ఆలోచించు. అప్పటిదాకా వంతెన వైపు వెళ్ళకు," అని హెస్టర్ తన సొరుగులోంచి ఒక రివాల్వర్ తీసి సంచిలో వేసుకుంది. అది ఆమె తాతది; యుద్ధానికి ముందు కాలపు టిల్లింగ్‌వర్త్.

స్ప్రేగ్ తన షెడ్డు ముందు వ్యాన్‌లో సామాన్లు సర్దుతున్నాడు. పనిముట్ల మధ్య చేతి గ్రైండర్ ఒకటి లూథర్ కళ్ళబడింది.

"ఏమ్మా హెస్టర్, ఇవాళ ఎవర్ని ఉరితీస్తున్నావ్?" అన్నాడు స్ప్రేగ్.

"ఇంకా తాడు దొరకలేదు వర్న్. ఆ ఫ్రేము నిజంగా స్పెయిన్‌దేనా?"

"స్పెయినో, చంద్రమండలమో. టిల్లింగ్‌వర్త్ అని రాస్తే హలీనా ఇరవైకి అమ్ముతుందా? చూడు, నేను వ్యాపారిని, పాస్టరును కాను."

హెస్టర్ సంచిలోంచి రివాల్వర్ తీసి, ఖాళీ అని కనిపించేలా సిలిండర్ తెరిచి అతని చేతికిచ్చింది. "కళ్ళద్దాలు మరచిపోయాను. ఇన్సూరెన్సు కాగితంలో దీని నంబరు రాయాలి. కాస్త చదివి పెట్టు."

స్ప్రేగ్ దాన్ని తలకిందులు చేసి పిడి అడుగు చూసి నంబరు చదివాడు. లూథర్ రాసుకున్నాడు.

డాక్టర్ లాథ్రప్ ఇద్దరు రోగుల మధ్య పది నిమిషాలు ఇచ్చాడు. గోడమీద అద్దాల పెట్టెలో, నల్లటి మఖమలు మీద, ఒక నంబరు లేని ఫ్రేము మెరుస్తోంది.

"ఇలాంటిది ప్రపంచంలో ఇదొక్కటే," అన్నాడాయన గొంతు తగ్గించి. "ఆ కంపెనీలో ఒక ఆచారం ఉండేది. నాలుగేళ్ళు అప్రెంటిస్‌గా చేసినవాడు చివర్లో ఒక పచ్చి ఉక్కుదిమ్మ తీసుకుని, మిషను ముట్టుకోకుండా, ఆకురాళ్ళతోనే మొత్తం ఫ్రేము తీర్చాలి. ఫోర్‌మన్ కొలత పెట్టి చూసి సరే అంటే అది ఇక వాడిదే. కంపెనీ చేసింది కాదు గనక కంపెనీ నంబరు వెయ్యరు. ఇది డ్యూకెట్ చేసిన ఫ్రేము. చివరి అప్రెంటిస్ అతనే. నాలుగేళ్ళ క్రితం నాకు అమ్మాడు."

"ఇంకోటి బయటపడితే?"

"పడదు," అన్నాడు డాక్టరు ముక్తసరిగా.

"కంపెనీ నంబరు ఎక్కడ వేసేది డాక్టరుగారూ? నాకెప్పుడూ తికమకే."

"యాభై ఏడో సంవత్సరం దాకా పిడి అడుగున. ఆ తర్వాత సిలిండర్ చేయి కూర్చునే గాడిలో. ఏ పుస్తకం తీసినా మొదటి పేజీలో ఉంటుంది."

తెరిచిన సిలిండర్‌తో రివాల్వర్ ఆయన చేతికీ వెళ్ళింది. ఆయనా పిడి అడుగే చూశాడు.

రే డ్యూకెట్ బౌలింగ్ హాల్లో బఠాణీ సూపు తాగుతున్నాడు. యాభై దాటిన మనిషి, చేతులు ఇంకా గట్టిగా ఉన్నాయి.

"రండి మేడమ్, కూర్చోండి. పీబడీ గారూ, మీరూ. ఆ పిల్ల మీ దగ్గరికొచ్చిందా? పాపం. మంచి పనిమంతురాలు. తండ్రి చేసినదానికి కూతుర్ని శిక్షించకూడదు."

"మీరు రుజిక్‌తో పనిచేశారా?"

"ఎక్కడ! ఆయన్ని తీసేసిన తొమ్మిదేళ్ళకి, యాభై ఎనిమిదిలో చేరాను. కథలు విన్నాను, అంతే."

రివాల్వర్ చేతులు మారింది. డ్యూకెట్ తెరిచిన సిలిండర్ పక్కకి తల వంచి, గాడిలోకి చూశాడు. ఒక క్షణం ఆగాడు. తర్వాత నవ్వి, పిడి తిప్పి, అడుగున ఉన్న అంకెలు చదివాడు.

వీధిలోకి వచ్చాక లూథర్ ఆగలేక అడిగాడు: "ముగ్గురూ ఒకే నంబరు చదివారు. దీనివల్ల మనకేం తెలిసింది?"

"చదివిన నంబరు రాసుకున్నావు. చదవబోయిన చోటు కూడా రాసుకున్నావుగా?"

"అన్నీ రాస్తాను. అలవాటు."

"అలవాటే మనకు కావలసింది," అంది హెస్టర్.

మధ్యాహ్నం మూడింటికి వాళ్ళు హలీనా వర్క్‌షాపుకు వెళ్ళారు. స్టవ్ మీద కాబేజీ ఉడుకుతోంది. హలీనా కోటు వేసుకుని, డబ్బా చేతిలో పట్టుకుని తలుపు దగ్గరే నిలబడి ఉంది.

"వంతెనకేనా?" అంది హెస్టర్.

హలీనా పక్కకు తప్పుకుని దారి ఇచ్చింది.

హెస్టర్ పనిబల్ల చుట్టూ ఒకసారి తిరిగింది. "ఉక్కును బిగించి పట్టే ఈ వైసు ఎదురువైపుకు అమర్చి ఉంది. నువ్వు ఎడమచేతివాటమా?"

"నేను కాదు, నాన్న. ఆ బల్ల ఆయనది. మార్చబుద్ధి కాలేదు. నేనే దానికి అలవాటు పడ్డాను."

"అయితే ఫ్రేమును వెలుతురులో పెట్టి, పిడి అడుగు చూడు. నాకు చెప్పకు. నువ్వే చూడు."

హలీనా భూతద్దం పెట్టి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత భూతద్దం కింద పెట్టి, అదే చోటును బొటనవేలితో తడిమింది.

"దీన్ని నదిలో వేస్తే నీ భయం మునిగిపోతుంది," అంది హెస్టర్. "దొంగ అన్న మాట మాత్రం తేలుతూనే ఉంటుంది. మీ నాన్న తరఫున చెప్పగలిగిన సాక్షి లోకంలో ఇదొక్కటే. ఎవరికి భయపడి సాక్షిని నువ్వే ముంచుతావ్?"

హలీనా కోటు విప్పి మేకుకు తగిలించింది. "ఇన్‌స్పెక్టరు అడిగేదాకా ఆగను. రేపు నేనే తీసి ఆమె ముందు పెడతాను. ఆ ముగ్గుర్నీ కూడా రమ్మనండి. ముఖాముఖి తేలాలి."

శుక్రవారం పదింటికి వర్క్‌షాపులో ఆరుగురు కూర్చున్నారు, హలీనా నిలబడింది. ఇన్‌స్పెక్టరు ఇనెజ్ గాల్వన్ ఫైలు తెరవకముందే హలీనా ఫ్రేమును బల్లమీద పెట్టింది.

"దీనిమీద నంబరు లేదు. గ్రైండర్ గుర్తు ఉంది. నేను దాచడం లేదు. ముందు వీళ్ళు చెప్పేది వినండి, తర్వాత మీరేం చెయ్యాలో చెయ్యండి."

డ్యూకెట్ నిట్టూర్చాడు. "అమ్మాయ్, మంచిమాట చెబితే విన్నావా?"

"మీ మంచిమాట దగ్గరే మొదలుపెడతాను," అంది హెస్టర్. "డాక్టరుగారూ, మీ ఫ్రేము తెమ్మన్నాను. తెచ్చారా?"

లాథ్రప్ అయిష్టంగానే మఖమలు మూట విప్పాడు. రెండు ఫ్రేములూ పక్కపక్కన నిలిచాయి.

"ఇన్‌స్పెక్టరుగారూ, ఒక అంకెను చెరపాలంటే ముందు అది ఉండాలి. ఈ ఫ్రేముకు అయిదు స్క్రూలు, యుద్ధానికి ముందుది. ఆ కాలంలో కంపెనీ నంబరు వేసింది పిడి అడుగున. గాడిలో వెయ్యడం యాభై ఏడు తర్వాత మాట. మరి యుద్ధానికి ముందటి ఫ్రేములో, నంబరు ఏనాడూ లేనిచోట, ఎవరో శ్రమపడి నంబరు చెరిపారు. ఎందుకు? చెరిపినట్టు కనిపించాలని. అంటే, ఒక నేరం జరిగిందని నమ్మించడానికి."

"మరి అడుగున ఉన్న నంబరు ఏమైంది?" అంది ఇన్‌స్పెక్టరు.

"చూడండి. అక్కడ ఆకురాయి గీతలు ఈ చివర నుంచి ఆ చివరకి తెగకుండా ఉన్నాయి. వాటి లోతులో యాభై ఏళ్ళ గోధుమరంగు పట్టింది. అక్కడ ఎప్పుడూ ఏమీ లేదు. ఇది అప్రెంటిస్ ఫ్రేము. కంపెనీది కాదు గనక నంబరు లేదు."

లాథ్రప్ కుర్చీలోంచి లేచాడు. "అసంభవం!"

"మీకు అసంభవమని అనిపించాలనే ఒకరు ఆరాటపడ్డారు. ముగ్గురికీ అవకాశం ఉంది. వర్న్‌కు ఇది చవగ్గా కావాలి. చెడగొడితే అమ్ముకోలేడు. డాక్టరుగారికి ఇది ఉండకూడదు. కానీ నంబరు చోటు ఆయన పుస్తకం చూడకుండా చెబుతారు. ఆయనైతే పిడి అడుగునే గీకేవారు. గాడిలో గీకాలని ఎవరి చేతికి తోస్తుంది? యాభై ఎనిమిదిలో చేరి, పదమూడేళ్ళు, కంపెనీ మూతపడేదాకా, రోజుకు వందల ఫ్రేముల గాడిలో నంబరు చూసి పంపినవాడి చేతికి. లూథర్, నిన్నటి పేజీ."

లూథర్ గొంతు సవరించుకుని చదివాడు: "స్ప్రేగ్, పిడి అడుగు చూశాడు. లాథ్రప్, పిడి అడుగు చూశాడు. డ్యూకెట్, ముందు గాడిలోకి చూశాడు, ఆగాడు, నవ్వాడు, తర్వాత పిడి తిప్పాడు."

"రెండూ ఎక్కడుంటాయో నాకూ తెలుసు!" అన్నాడు డ్యూకెట్. "ముప్ఫై ఏళ్ళుగా ఈ ఊళ్ళో..."

"మీ తలకు తెలుసు రే. తొందరలో పనిచేసింది తల కాదు."

"తల వంచి చూసినంత మాత్రాన నేరమా? నాకు దీంతో ఏం పని?"

"ఆ సంగతి ఈ రెండో ఫ్రేము చెబుతుంది. డాక్టరుగారూ, పక్క మూత తీసి లోపల చూడండి. ముందు హలీనాది."

హలీనా స్క్రూలు విప్పింది. మూతను గుచ్చి లేపకుండా, ఫ్రేమును సుత్తిపిడితో మెల్లగా తట్టి వదులు చేసింది. లోపలి గుంటలో, ఎవరూ చూడని చోట కూడా, ఆకురాయి గీతలు సన్నని వరిగడ్డి పరిచినట్టు ఒకే వాలులో ఉన్నాయి.

"ఆ వాలు కుడిచేతిది కాదు," అంది హెస్టర్. "ఈ పనిబల్ల చూడండి, వైసు చూడండి. బోలెస్లావ్ రుజిక్ ఎడమచేతివాడు. ఇప్పుడు మీది."

లాథ్రప్ తన ఫ్రేము మూత తీశాడు. గుంట అడుగున గుండ్రటి వలయాలు, ఒకదాన్ని ఒకటి తరుముతున్నట్టు. ఉక్కును కోసే మిషను చక్రం తిరిగిన జాడలు. పైన మాత్రమే ఆకురాయి పెట్టారు.

"నాలుగేళ్ళు దీన్ని గోడమీద పెట్టుకున్నాను," అన్నాడు మెల్లగా. "నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా మూత తియ్యలేదు."

"అందుకే రుజిక్ ఫ్రేము మీ దాని పక్కకి రాకూడదు," అంది హెస్టర్. "పోల్చి చూస్తే రే మీకు అమ్మింది మిషను పని అని తేలిపోతుంది. రుజిక్‌ది నదిలోకి పోవాలి. హలీనా విసరాలి, తన చేతులతో."

డ్యూకెట్ తన చేతులు చూసుకున్నాడు.

"నేను చేరిన ఏడాదే ఆ ఆచారం తీసేశారు," అన్నాడు చివరికి. "మిషన్లొచ్చాయి, ఆకురాళ్ళతో టైం దండగ అన్నారు. నాలుగేళ్ళు చేశాక నా చేతిలో ఒక కాగితం పెట్టారు. కాగితం! చివరి అప్రెంటిస్ అన్నది అబద్ధం కాదు. ఫ్రేమే అబద్ధం."

"చెయ్యాలనుకుంటే ఇంట్లో చేసుకోవచ్చుగా," అంది హలీనా. గొంతు పెంచలేదు. "నాన్నను తీసేశాక కూడా ఆయన చేతులు ఆయన దగ్గరే ఉన్నాయి. మీ చేతులు మీ దగ్గర లేవా? నా ఇంటికొచ్చి, నా కుర్చీలో కూర్చుని, ఆయన్ని దొంగ అన్నారు. చేతిపని మీద అంత గౌరవం ఉన్నవాడు ఆ గీతలమీద గ్రైండర్ ఎలా పెట్టగలిగాడు?"

డ్యూకెట్ చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు.

ఇన్‌స్పెక్టరు భూతద్దంతో రెండు చోట్లా చూసి, ఫైలులో ఏదో రాసుకుంది. "నంబరు తప్పనిసరి చేసిన అరవై ఎనిమిది నాటి చట్టానికి ముందు చేసినది, మొదటినుంచీ నంబరు లేనిది. రికార్డు కోసం గాడిని లేబొరేటరీలో పరీక్ష చేయిస్తాను. అక్కడ ఏమీ బయటపడదనే అనుకుంటున్నాను. రుజిక్ గారూ, మీ దగ్గర ఇది ఉండటం నేరం కాదు. డ్యూకెట్ గారితో మాత్రం డాక్టరుగారికీ, పోలీసులకీ మాట్లాడే పని ఉంటుంది."

లాథ్రప్ అప్పటికే హలీనా వైపు తిరిగాడు. "అమ్మా, క్షమించండి. తొందరపడి రాశాను. కాని ఇది, అసలైనది, ఇలాగే, ముట్టుకోకుండా... మీరు ఎంత చెబితే అంత. అద్దాల పెట్టెలో, మీ నాన్నగారి పేరు కింద రాయిస్తాను. ఏమీ లేని పిడి అడుగే దీని విలువ."

స్ప్రేగ్ నవ్వు ఆపుకోలేకపోయాడు. "హలీనా, ఇరవై డాలర్లన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నా."

హలీనా 614 అని ఉన్న ఇత్తడి బిళ్ళను చేతిలోకి తీసుకుంది. గేటు దగ్గర పదిహేనేళ్ళు రోజూ చూపించి, చివరిరోజు మాత్రం ఇవ్వకుండా జేబులో వేసుకుని వచ్చిన బిళ్ళ అది. ఆ కంపెనీ నుంచి బోలెస్లావ్ రుజిక్ నిజంగా పట్టుకొచ్చినది అదొక్కటే.

"ఇన్‌స్పెక్టరుగారూ, తయారీ లైసెన్సు ఉన్నవాళ్ళు తాము కూర్చే తుపాకీ మీద తమ పేరూ నంబరూ వేసుకోవచ్చు కదా?"

"వేసుకోవచ్చు. రిజిస్టర్లో రాయాలి."

"రాస్తాను. మీ లేబొరేటరీ పని గాడితోనే కదా, అడుగుతో కాదు."

ఆమె ఉక్కులో అంకెలు అచ్చువేసే పంచ్‌ల పెట్టె తెరిచింది. లాథ్రప్ చేయి అడ్డం పెట్టాడు. "అంకె పడితే దాని విలువ పోతుందమ్మా! ఒక్క దెబ్బతో!"

"మీ గోడమీద పోతుంది. నా బల్లమీద కాదు. దీనికి బ్యారెల్ వస్తుంది, సిలిండర్ వస్తుంది, ఇది పేలుతుంది. ఎవరిదని అడిగితే అదే చెబుతుంది."

హెస్టర్ లేచి కిటికీ తెర పక్కకు లాగింది. లూథర్ పెన్సిలు ఆగింది.

హలీనా ఫ్రేమును తండ్రి వైసులో తలకిందులుగా బిగించి, ఆరు అంకె ఉన్న పంచ్‌ను ఎడమచేతిలోకి తీసుకుని, గీతల మధ్య నిలబెట్టి, సుత్తి ఎత్తి కొట్టింది. తర్వాత ఒకటి. తర్వాత నాలుగు.